ఆసియా క్వాలిఫయర్స్: పాయింట్ల పట్టిక చదవడం, చివరి రోజు లెక్క కట్టడం ఎలా?

ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వాలిఫయర్స్ (అర్హత పోటీలు) చివరి మ్యాచ్‌కి వచ్చేసరికి టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఒకరైనా అడుగుతారు: "ఇంతకీ మనం గెలిస్తే చాలా, అవతలి మ్యాచ్ కూడా మనకు కలిసిరావాలా?" ఐపీఎల్ ప్లేఆఫ్ లెక్కల్లో ఆరితేరిన మనవాళ్లు కూడా ఫుట్‌బాల్ పట్టిక దగ్గర తడబడతారు. నెట్ రన్ రేట్‌కి క్యాలిక్యులేటర్ కావాలి. ఇక్కడ అంత లేదు. ఒక కాగితం, కూడికలు తీసివేతలు వస్తే చాలు. కానీ వరుస తప్పకూడదు: ముందు నిబంధన, తర్వాత పట్టిక, ఆ తర్వాత చివరి రోజు సాధ్యమైన ఫలితాలు రాసుకునే గళ్లు. చాలామంది గళ్లతో మొదలుపెట్టి నిబంధన దగ్గర బోల్తా పడతారు.

ఉదాహరణలు ఎక్కువగా 2026 ప్రపంచకప్ ఆసియా క్వాలిఫయర్స్ నుంచే తీసుకుందాం. అన్ని రకాల చిక్కులూ అందులోనే ఉన్నాయి.

ముందు దారి తెలుసుకోండి

ప్రపంచకప్‌లో జట్లు 48కి పెరగడంతో ఆసియాకు 8 నేరు బెర్తులు, ఖండాంతర ప్లేఆఫ్‌కు (చివరి బెర్తుల కోసం వేర్వేరు ఖండాల జట్లు ఆడే పోటీ) మరొకటి దక్కాయి. వాటికోసం 46 జట్లు బరిలోకి దిగాయి. ర్యాంకింగ్‌లో అడుగున ఉన్న 20 జట్లు 2023 అక్టోబర్‌లో జంటలుగా రెండేసి మ్యాచ్‌లు ఆడాయి. అందులో నెగ్గిన 10 జట్లు, పైనున్న 26 జట్లు కలిసి 36. రెండో రౌండ్‌లో వీటిని నాలుగేసి చొప్పున తొమ్మిది గ్రూపులు చేశారు. ప్రతి గ్రూపులో మొదటి ఇద్దరు, అంటే 18 జట్లు మూడో రౌండ్‌కు వెళ్లాయి. ఆ 18 జట్లకూ 2027లో సౌదీలో జరిగే ఆసియా కప్ బెర్తు కూడా దానితోపాటే వచ్చేసింది. ఈ సంగతి మరిచిపోతే, రెండో స్థానం కోసం అంత పోరు ఎందుకో అర్థం కాదు.

మూడో రౌండ్‌లో ఆరేసి జట్ల గ్రూపులు మూడు. ఒక్కో జట్టుకు పది మ్యాచ్‌లు. మొదటి ఇద్దరు నేరుగా ప్రపంచకప్‌కు: ఇరాన్, ఉజ్బెకిస్తాన్, దక్షిణ కొరియా, జోర్డాన్, జపాన్, ఆస్ట్రేలియా అలా వెళ్లాయి. మూడు, నాలుగు స్థానాల వాళ్లు నాలుగో రౌండ్‌కు. అక్కడ మూడేసి జట్ల గ్రూపులు రెండు, గ్రూప్ విజేతలకే బెర్తు. రెండో స్థానంలో నిలిచిన ఇద్దరూ ఐదో రౌండ్‌లో రెండు మ్యాచ్‌లు ఆడితే, నెగ్గినవాళ్లకు ఖండాంతర ప్లేఆఫ్. యూఏఈ మీద ఇరాక్ అబుదాబిలో 1-1, బస్రాలో 2-1తో ఆ అవకాశం దక్కించుకుంది.

లెక్క మొదలుపెట్టే ముందు కాగితం పైభాగాన మూడు విషయాలు రాసుకోండి: ఒక్కో జట్టుకు ఎన్ని మ్యాచ్‌లు, ఎంతమంది పైకి వెళ్తారు, మూడో స్థానానికి ఏమైనా దక్కుతుందా. ఈ మూడోదాన్ని అందరూ వదిలేస్తారు. మూడో రౌండ్ గ్రూప్ సిలో ఇండోనేషియా 12 పాయింట్లతో నాలుగో స్థానంలో ఉండి కూడా నాలుగో రౌండ్‌కు వెళ్లింది. అదే రెండో రౌండ్‌లో అయితే మూడో స్థానం వచ్చిందంటే ప్రపంచకప్ ఆశ ముగిసినట్టే.

పాయింట్లు సమానమైతే ఎవరు పైన?

గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి. ఇది అందరికీ తెలుసు. సమానమైనప్పుడు ఏం చూస్తారన్నది పోటీని బట్టి మారుతుంది. అసలు తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో వరుస ఇది: గ్రూపులోని అన్ని మ్యాచ్‌ల గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది), అదీ సమానమైతే అన్ని మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్, అదీ సమానమైతే సమానంగా నిలిచిన జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లలో పాయింట్లు, ఆ తర్వాత వాటిలోని గోల్స్ తేడా, కొట్టిన గోల్స్. ఇంకా తేలకపోతే కార్డుల లెక్క. ఎల్లో కార్డుకు ఒకటి, రెండు ఎల్లోలతో వచ్చిన రెడ్‌కు మూడు, నేరుగా రెడ్ పడితే నాలుగు, ఎల్లో ఉండగా నేరుగా రెడ్ పడితే అయిదు చొప్పున తీసేస్తారు.

అంత దూరం ఎప్పుడు వెళ్తుందిలే అనుకుంటే 2024 జూన్‌లో రెండో రౌండ్ గ్రూప్ సి చూడండి. చైనా, థాయిలాండ్ చెరో 8 పాయింట్లు. రెండూ 9 గోల్స్ కొట్టి 9 ఇచ్చాయి. తేడా సున్నా, కొట్టినవీ సమానం. చివరికి వాళ్లిద్దరి మధ్య మ్యాచ్‌లు చూడాల్సి వచ్చింది: బ్యాంకాక్‌లో చైనా 2-1తో నెగ్గింది, చైనాలో 1-1. చైనా ముందుకు, థాయిలాండ్ ఇంటికి. చివరి రోజు సింగపూర్‌ను థాయిలాండ్ 3-1తో కొట్టింది. ఇంకొక్క గోల్ పడి ఉంటే చైనా అవుట్. సింగపూర్ గోల్‌కీపర్ హసన్ సన్నీ ఆపిన షాట్ల పుణ్యమా అని చైనా అభిమానులకు రాత్రికి రాత్రే ఆయన దేవుడైపోయాడు.

నాలుగో రౌండ్‌లో ఇంకో రకం చిక్కు. ఇండోనేషియాను సౌదీ 3-2తో, ఇరాక్ 1-0తో ఓడించాయి. సౌదీ, ఇరాక్ మధ్య మ్యాచ్ 0-0. ఇద్దరికీ నాలుగేసి పాయింట్లు, ఇద్దరికీ తేడా ప్లస్ ఒకటే. కొట్టిన గోల్స్ సౌదీవి 3, ఇరాక్‌వి 1. సౌదీకి ప్రపంచకప్ టికెట్. రెండు గోల్స్ ఇచ్చుకున్న జట్టు పైకి వెళ్లింది, ఒక్కటీ ఇవ్వని జట్టు ప్లేఆఫ్‌కు పోయింది. అన్యాయంగా తోచవచ్చు కానీ నిబంధన అదే. ఆ చివరి మ్యాచ్‌లో సౌదీకి డ్రా చాలు, ఇరాక్ గెలిచి తీరాలి. ఈ వరుస తెలిసినవాడికి ఆట మొదలుకాకముందే ఆ సంగతి తెలుసు.

ఇక ఇదే ఆసియాలో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సొంతంగా నడిపే ఆసియా కప్ క్వాలిఫయర్స్‌కు వస్తే వరుస తలకిందులు. అక్కడ పాయింట్లు సమానమైతే మొదట చూసేది ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్‌లే; మొత్తం గోల్స్ తేడా ఆ తర్వాతే. పైగా 2027 ఆసియా కప్ చివరి క్వాలిఫయింగ్ రౌండ్‌లో గ్రూపు నుంచి ఒక్కరే వెళ్తారు. ఈ రెండింటినీ కలిపేసి లెక్క కడితే అంతా తప్పుతుంది. అక్కడ హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్‌లతో కలిసి ఉన్న భారత్ 2025 అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి దారి మూసుకుంది. ఆ గ్రూప్ నుంచి సింగపూర్ వెళ్లింది.

అందుకే పోటీ పేరు పక్కనే "తేడా ముందు" అనో "ముఖాముఖి ముందు" అనో రెండు ముక్కలు రాసుకోండి.

పట్టిక

అచ్చులో వచ్చే పట్టికలో ఏడెనిమిది నిలువు వరుసలు ఉంటాయి. మీకు కావాల్సినవి అయిదే: ప్రస్తుత పాయింట్లు, మిగిలిన మ్యాచ్‌లు, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్, గరిష్ఠ పాయింట్లు. గరిష్ఠం అంటే ఇప్పుడున్న పాయింట్లకు మిగిలిన మ్యాచ్‌లను మూడుతో గుణించి కలపడం. మీ జట్టు గరిష్ఠం కంటే రెండో స్థానంలో ఉన్న జట్టుకు ఇప్పటికే ఎక్కువ పాయింట్లుంటే కథ ముగిసినట్టే. సమానంగా ఉంటే ముగియలేదు, మళ్లీ నిబంధన దగ్గరికి వెళ్లాలి.

పట్టిక సరిగ్గా రాశారో లేదో తేల్చుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. గ్రూపులో అన్ని జట్ల గోల్స్ తేడాలు కూడితే సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో స్కోరు తప్పు రాశారు.

ఇక "ఎన్ని పాయింట్లు వస్తే చాలు" అనే ప్రశ్నకు స్థిరమైన జవాబు లేదు. రెండో రౌండ్‌లో కువైట్ 7 పాయింట్లతోనే వెళ్లింది. గ్రూప్ డిలో మలేషియా 10 పాయింట్లు తెచ్చుకుని కూడా ఒమన్, కిర్గిస్తాన్ వెనక మూడో స్థానంలో ఆగిపోయింది. ఒక జట్టు అందరినీ కొట్టేసే గ్రూపులో రెండో స్థానం చవక. ముగ్గురు గట్టివాళ్లుంటే ఖరీదు. ఇంకో మాట: ప్రత్యర్థులు ఒకరితో ఒకరు ఆడాల్సి ఉంటే ఇద్దరికీ గరిష్ఠం రాదు, ఇద్దరూ ఓడిపోరు కూడా. "వాళ్లు ఓడితే, వీళ్లూ ఓడితే" అని కట్టే లెక్కలు సగం ఇక్కడే కూలిపోతాయి.

తొమ్మిది గళ్లు

నాలుగు జట్ల గ్రూపులో చివరి రోజు రెండు మ్యాచ్‌లు. ఒక్కోదానికి మూడు ఫలితాలు. మూడు మూళ్లు తొమ్మిది. కాబట్టి తొమ్మిది గళ్లు గీస్తే సాధ్యమైనవన్నీ అందులోకి వచ్చేస్తాయి. మీ జట్టు ఫలితాలను అడ్డువరుసలుగా, అవతలి మ్యాచ్‌వి నిలువు వరుసలుగా పెట్టండి.

2024 జూన్ 11న రెండో రౌండ్ గ్రూప్ ఎ మ్యాచ్‌లకు ముందు పరిస్థితి ఇది:

ఖతార్: 13 పాయింట్లు, మొదటి స్థానం ఖాయం
భారత్: 5 పాయింట్లు, తేడా మైనస్ 3
అఫ్గానిస్తాన్: 5 పాయింట్లు, తేడా మైనస్ 10
కువైట్: 4 పాయింట్లు, తేడా మైనస్ 1

మిగిలినవి దోహాలో ఖతార్–భారత్, కువైట్‌లో కువైట్–అఫ్గానిస్తాన్. రెండో స్థానం ఎవరిదన్నదే ప్రశ్న.

మొదటి అడ్డువరుస, భారత్ గెలిస్తే 8. అవతల కువైట్ గెలిస్తే దానికి 7, భారత్ ముందుకు. అక్కడ డ్రా అయితే అఫ్గాన్‌కు 6, కువైట్‌కు 5, మళ్లీ భారతే. అఫ్గాన్ గెలిస్తే దానికీ 8, తేడా చూడాలి. భారత్ ఒక్క గోల్‌తో గెలిచినా తేడా మైనస్ 2కు వస్తుంది. దాన్ని అందుకోవాలంటే అఫ్గాన్ ఎనిమిది గోల్స్ తేడాతో నెగ్గాలి. జరగని పని. మూడు గళ్లూ భారత్‌వే.

రెండో అడ్డువరుస, భారత్ డ్రా చేస్తే 6. కువైట్ గెలిస్తే 7తో కువైట్. అఫ్గాన్ గెలిస్తే 8తో అఫ్గాన్. అక్కడ కూడా డ్రా అయితే భారత్‌కు, అఫ్గాన్‌కు చెరో 6. తేడా మైనస్ 3, మైనస్ 10. భారత్‌కే. ఈ గడిని ఆ వారంలో చాలామంది వదిలేసి "గెలవక తప్పదు" అన్నారు. గెలవక తప్పని పరిస్థితి కాదది, గెలిస్తే అవతలి వైపు చూడనక్కర్లేని పరిస్థితి. రెండూ ఒకటి కావు.

మూడో అడ్డువరుస, భారత్ ఓడితే 5 దగ్గరే ఆగుతుంది. కువైట్ గెలిస్తే కువైట్; డ్రా అయితే 6తో అఫ్గాన్; అఫ్గాన్ గెలిస్తే అఫ్గాన్. ఇక్కడ భారత్‌కు ఒక్క గడీ లేదు.

మొత్తం భారత్‌కు నాలుగు, అఫ్గాన్‌కు మూడు, కువైట్‌కు రెండు. ఇక్కడే ఇంకో బోల్తా: తొమ్మిదిలో నాలుగు కాబట్టి 44 శాతం అవకాశం అనుకోవద్దు. గళ్లన్నీ ఒకే బరువు కావు. భారత్ గళ్లలో మూడు దోహాలో ఖతార్‌ను ఓడించడం మీద ఆధారపడ్డాయి. కువైట్‌కు ఉన్నవి రెండే అయినా, భారత్ గెలవకపోతే దానికి కావాల్సింది సొంతగడ్డ మీద అఫ్గాన్‌ను ఓడించడమే. అంతకుముందు అదే జట్టును 4-0తో కొట్టి ఉంది. గళ్లు ఏది సాధ్యమో చెబుతాయి, ఎంత సాధ్యమో చెప్పవు.

ఆట నడుస్తున్నప్పుడు ఈ కాగితం బాగా పనికొస్తుంది. వేలు ఒక గడి మీద పెట్టుకుని గోల్ పడినప్పుడల్లా జరపడమే. ఆ రాత్రి 37వ నిమిషంలో లాలియన్‌జువాలా చాంగ్తే గోల్‌తో భారత్ మొదటి వరుసలో ఉంది, అవతల ఏం జరిగినా పర్వాలేదు. 73వ నిమిషంలో ఖతార్ ఆటగాడు యూసుఫ్ ఐమన్ సమం చేశాడు. బంతి గోల్ లైన్ బయటికి వెళ్లాక లోపలికి లాగి కొట్టారని రీప్లేలో కనిపించినా, ఆ రౌండ్‌లో వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయం సరిదిద్దే ఏర్పాటు) లేదు, గోల్ నిలిచింది. అయినా అవతల డ్రా నడుస్తున్నంతసేపూ రెండో వరుస నడిమి గడి భారత్‌దే. 85వ నిమిషంలో ఖతార్ రెండో గోల్ పడ్డాక మూడో వరుస. ఇక అవతలి స్కోరు చూసినా లాభం లేదు. అక్కడ కువైట్ 1-0తో గెలిచి ముందుకు వెళ్లింది. ఖతార్ 16, కువైట్ 7, భారత్ 5, అఫ్గానిస్తాన్ 5.

అసలు ఈ లెక్క ఇంత బిగుసుకుపోవడానికి కారణం మార్చి 26న గువాహటిలో అఫ్గాన్ చేతిలో 1-2 ఓటమి. ఆ మ్యాచ్ డ్రా అయి ఉంటే భారత్ 6, అఫ్గాన్ 3తో చివరి రోజుకు వచ్చేవి. అలా వచ్చి ఉంటే తొమ్మిది గళ్లలో ఎన్ని మారేవో మీరే గీసి చూడండి. పద్ధతి చేతికి రావడానికి మంచి అభ్యాసం.

ఆరు జట్ల గ్రూపులో చివరి రోజు మూడు మ్యాచ్‌లు, అంటే 27 గళ్లు. అన్నీ గీయక్కర్లేదు. మీ జట్టు స్థానాన్ని మార్చలేని మ్యాచ్‌ను ముందే కొట్టేస్తే మళ్లీ తొమ్మిదికే వస్తుంది. మూడు జట్ల గ్రూపులో చివరి రోజు ఒక్కటే మ్యాచ్, మూడో జట్టు ఖాళీగా కూర్చుని చూడాల్సిందే. అక్కడ మ్యాచ్‌ల వరుస కూడా లెక్కే. 2025 అక్టోబర్ నాలుగో రౌండ్‌లో మ్యాచ్‌లు 8, 11, 14 తేదీల్లో జరిగితే ఆతిథ్య ఖతార్, సౌదీ 8న, 14న ఆడాయి. చివరి ప్రత్యర్థులు యూఏఈ, ఇరాక్ 11న ఆడి 14న మళ్లీ దిగాయి. అవతలివాళ్ల ఫలితం చూసి దిగడం, ఎక్కువ విశ్రాంతి, సొంత మైదానం, మూడూ ఒకే వైపు.

మైదానం బయట మారే అంకెలు

ఆడని మ్యాచ్‌కూ స్కోరు ఉంటుంది. 2024 మార్చి 26న ప్యాంగ్యాంగ్‌లో ఉత్తర కొరియా–జపాన్ మ్యాచ్ జరగలేదు. జపాన్‌కు 3-0 ఇచ్చారు. ఆ మూడు గోల్స్ తేడాలోనూ చేరతాయి. రద్దయిన మ్యాచ్‌ను కాగితం మీద ఖాళీగా వదిలేయకండి.

కార్డులు ఇంకా ప్రమాదం. వేర్వేరు మ్యాచ్‌లలో రెండు ఎల్లోలు పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. ఆఫ్రికా క్వాలిఫయర్స్‌లో దక్షిణాఫ్రికా ఇది చూసుకోక 2025 మార్చిలో లెసోతో మీద టెబోహో మొకోయెనాను ఆడించింది. మైదానంలో 2-0తో గెలిచినా, నెలల తర్వాత ఫిఫా దాన్ని 0-3 ఓటమిగా మార్చింది. మూడు పాయింట్లే కాదు, ప్లస్ రెండు కాస్తా మైనస్ మూడు అయి తేడాలో అయిదు పోయాయి. అయినా ఆ జట్టు గ్రూప్‌లో మొదటి స్థానంలో నిలిచి గట్టెక్కింది. మీ జట్టులో ఎవరిమీద ఒక ఎల్లో ఉందో పట్టిక కింద రాసుకోవడం ఒక నిమిషం పని.

గ్రూపుల మధ్య "ఉత్తమ రెండో స్థానం" తేల్చే పోటీ అయితే పట్టికను అలాగే నమ్మకండి. ఆఫ్రికాలో ఎరిట్రియా తప్పుకోవడంతో ఒక గ్రూపులో జట్టు తగ్గింది. సమం చేయడానికి మిగతా గ్రూపుల్లో అడుగున నిలిచిన జట్టు మీద వచ్చిన ఫలితాలు తీసేశారు. బుర్కినా ఫాసో 21 పాయింట్లు తెచ్చుకుంది, నైజీరియా 17. తీసేశాక ఇద్దరికీ 15. అడుగు జట్టు మీద బుర్కినా ఫాసో రెండూ గెలిచింది, నైజీరియా రెండూ డ్రా చేసుకుంది. కాబట్టి పోయింది బుర్కినాకే ఎక్కువ. గోల్స్ తేడాతో నైజీరియా ప్లేఆఫ్‌కు వెళ్లింది.

స్నేహపూర్వక మ్యాచ్‌లు ఈ పట్టికలోకి రావు. 2024 నవంబర్ 18న గచ్చిబౌలిలో మలేషియాతో జరిగిన 1-1 అలాంటిదే. అలాగని వృథా కాదు. ఫిఫా ర్యాంకింగ్‌లో వాటికీ బరువుంది, ఆ ర్యాంకింగే గ్రూపులు తేల్చడానికి చీట్లు తీసే తర్వాతి డ్రాలో మీ జట్టు ఏ కుండలో (ర్యాంకును బట్టి జట్లను విడదీసే విభాగం) ఉంటుందో నిర్ణయిస్తుంది. సమాన బలం ఉన్న జట్టును ఫిఫా విండోలో (దేశాల మ్యాచ్‌లకు ఫిఫా కేటాయించే రోజుల్లో) జరిగే స్నేహపూర్వక మ్యాచ్‌లో ఓడిస్తే 5 ర్యాంకింగ్ పాయింట్లు. అదే జట్టును క్వాలిఫయర్‌లో ఓడిస్తే 12.5. 2023 జూలైలో భారత్ 99వ ర్యాంకులో ఉండి రెండో కుండలో చోటు దక్కించుకుంది కాబట్టే రెండో రౌండ్ డ్రాలో ఆ కుండలోని ఇతర జట్లు తప్పాయి.

తేదీ, సమయం

ఇది చిన్న విషయమే కానీ మ్యాచ్ మొత్తం తప్పిపోయేది దీనివల్లే. కువైట్, ఖతార్, సౌదీ, ఇరాక్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇరాన్ రెండు గంటలు, యూఏఈ, ఒమన్ గంటన్నర, ఉజ్బెకిస్తాన్ అరగంట వెనక. జపాన్, కొరియా మూడున్నర గంటలు ముందు. రంజాన్ నెలలో గల్ఫ్‌లో మ్యాచ్‌లు బాగా పొద్దుపోయాక మొదలవుతాయి: 2024లో సౌదీలోని అబాలో అఫ్గాన్–భారత్ మ్యాచ్ అక్కడ మార్చి 21 రాత్రి పది గంటలకు, మనకు 22వ తేదీ అర్ధరాత్రి దాటి 12:30కి. 21 అని రాసుకున్నవాళ్లు ఏ రోజు రాత్రి అని తికమకపడ్డారు. కువైట్‌లో ఉన్న కడపవాళ్లు, దోహాలో ఉన్న నిజామాబాద్‌వాళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు "మీకు ఎన్నింటికి" అన్నది తేదీతో సహా చెప్పాలి. చివరి రోజైతే రెండు మ్యాచ్‌ల సమయాలూ కాగితం మీద పక్కపక్కనే రాసుకోండి. ఒకటి పదిహేను నిమిషాలు ముందు మొదలైనా, వేలు ఏ గడి మీద ఉందో ఆ మేరకు తేడా వస్తుంది.